మా అప్ప ఇంటి కంచం

ఆ దరఖాస్తులో ‘శిక్షకుడు’ అని ఉన్న చోట నా పేరు రాసుకున్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రాసినప్పుడు మాత్రం సిగ్గుపడలేదు, గర్వపడ్డాను. ఒడిశాలోని బరంపురం బడిలో ఉద్యోగమంతా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఒక పిల్లకు వరి సేద్యం చెప్పలేకపోతానా అనుకున్నాను.

అసలు సంగతి చెబుతాను. మా అప్ప, అంటే మా అక్క, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. దిగపహండి దాటాక బస్సు దిగి మైలు దూరం నడిస్తే ఆవిడ అత్తవారి ఊరు వస్తుంది. పిల్లల్లేరు. బావ పోయిన దగ్గర్నుంచీ నాలుగెకరాల మడిని ఆవిడే చేసుకుంటోంది. ఊళ్ళో కూలికొచ్చే మగవాళ్ళంతా సూరత్ మగ్గాల పనికి వెళ్ళిపోయారు. ఆ వెనకే వాళ్ళ ఆడవాళ్ళూ వెళ్ళారు. ఇక మిగిలింది అప్ప, ఆవిడ మోకాళ్ళు. ఆ మోకాళ్ళు కూడా ఆ ఏడు ఆవిడ మాట వినడం మానేశాయి.

పక్కనే ఇటుకల బట్టీ పెట్టినతను ఒకడున్నాడు. మర్యాదస్తుడే. మోటారు సైకిలు గట్టు మీద ఆపి, చెప్పులు విడిచి మరీ వచ్చి అడిగేవాడు. ఈ ఏడు ఊడుపులు మానేస్తే పై మట్టి తాను తవ్వుకుంటానని, ఆ డబ్బుతో ఆవిడ కూచుని తినొచ్చునని అతని మాట. ఊడుపులంటే మా వైపు వరి నాట్లు. ఇదివరకు అతను మట్టి తీసిన మళ్ళు అప్ప పొలం పక్కనే ఉన్నాయి. వానాకాలంలో వాటిలో నీళ్ళు నిలుస్తాయి, వేసవిలో ముళ్ళతుప్పలు మొలుస్తాయి. వరి మాత్రం మళ్ళీ పండలేదు.

వేసవి చివర్లో ఒకనాడు అప్ప ఫోను చేసింది.

“తమ్మీ, ఆ బట్టీవోడు మల్లీ ఒచ్చినాడు. ఊడవగలిగితే ఈ ఏడు ఊడుస్తాను. నేకపోతే మట్టి ఇచ్చెస్తాను. ఒంట్లో సత్తువ నేదు. నానేటి సెయ్యాల, నువ్వే సెప్పు.”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లోవాళ్ళను అడిగితే ఇంకా చాలా చెబుతారు. కానీ ఆ రోజు వచ్చింది కోపం ఒక్కటే కాదు. నేను బరంపురంలో కాలేజీ చదివిన రోజుల్లో దిగపహండి బస్సు మీద వచ్చే బియ్యం మూట ఆ మడిదే. బావ మూట వేసేవాడు, నేను స్టాండులో దించుకునేవాణ్ణి. ఆ మడి ఇటుకలైపోయి ఎవరి గోడలోకో వెళ్ళిపోతుందంటే నాకు భయమేసింది. “ఇవ్వకు, నేను చూస్తాను” అని ఫోను పెట్టేశాను. ఏం చూస్తానో నాకే తెలీదు.

వ్యవసాయ శాఖ ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగితే ఒక గుమస్తా దారి చూపించాడు. వ్యవసాయం చదువుకున్న పిల్లల్ని ఆరు నెలలు తమ పొలంలో పెట్టుకుని పని నేర్పే రైతులకు ప్రభుత్వం సాయం ఇస్తోందట. ఇంటర్న్ అంటారు ఆ పిల్లల్ని. వాళ్ళకు నెలనెలా స్టైపెండు ప్రభుత్వమే ఇస్తుంది. నేర్పే రైతుకు తిండికీ పనిముట్లకూ కొంత వస్తుంది. రెండు నెలలయ్యేలోగా ఒక ఆఫీసరు వచ్చి పొలంలోనే పరీక్ష పెడతాడు. పిల్లకు పని వచ్చినట్టు కనిపిస్తే మిగతా నాలుగు నెలలూ సాగుతుంది. లేకపోతే అక్కడితో సరి. ఆరు నెలలంటే ఊడుపుల నుంచి కోతల దాకా. మా అప్పకు కావలసింది సరిగ్గా అదే.

దరఖాస్తులో శిక్షకుని విద్యార్హత అడిగారు. అప్ప రెండో తరగతి. గుమస్తా కళ్ళద్దాలు పైకి తోసి, “అయ్యా, ఇలా రాస్తే పైవాళ్ళు పక్కన పడేస్తారు. మీరు మాస్టారు కదా, మీ పేరు రాసేయండి” అన్నాడు. రాసేశాను. సాయంత్రం ఫోనులో అప్పకు చెబితే, “మంచిదేరా, సదువుకున్నోడివి నువ్వే కదా” అంది.

జూన్ సగంలో పిల్ల వచ్చింది. హుమ్మ అనే ఊరి పిల్ల. తండ్రి అక్కడి ఉప్పు మళ్ళలో పని చేస్తాడు. డిప్లొమా చదివింది. ఇంట్లో ఒడియా మాట్లాడినా తెలుగు బాగానే వచ్చు. నన్ను సార్ అనేది, అప్పను మావుసి అనేది. ఒడియాలో మావుసి అంటే పిన్ని. ఇంటర్న్ వస్తోంది కదా అని నేను ముందే గేట్ బజార్‌కెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ, పెద్ద గొడుగు, లావుపాటి నోట్‌బుక్కు కొన్నాను. కుర్చీని బస్సు టాపు మీద వేయించి నేనే తీసుకెళ్ళాను. పిల్లకు చదువు మీద నాలుగు మంచి ముక్కలు చెప్పి, మరుసటి బస్సుకి తిరిగొచ్చేశాను. శిక్షకుడిగా మొదటి నెల నేను చేసిన శిక్షణ అంతే.

నెల తిరిగాక ఒక పొద్దున్న వెళ్ళాను. నాలుగు వానలు పడి మళ్ళు నీటితో ఉన్నాయి. గట్టు మీద గొడుగు కింద, నా కుర్చీలో, పిల్ల నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. నారుమడిలో మా అప్ప ఒక్కర్తీ వంగి కలుపు తీస్తోంది. ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి మట్టిలో. మధ్యమధ్య తలెత్తి, “పిల్లా, ఎండ తగుల్తందేటి? గొడుగు ఇటు తిప్పుకో” అంటోంది.

మధ్యాహ్నం భోజనానికి కూచున్నాక సంగతి పూర్తిగా అర్థమైంది. పప్పు, నెయ్యి, చేప ఇగురు, వంకాయ ఆవపెట్టిన కూర, పైన పెరుగు. పనిముట్లకిచ్చిన డబ్బు కూడా చేపల్లోకే వెళ్ళిందని నాకు అనుమానం. పిల్లకు అడ్డాకుల విస్తరి వేసింది. అప్పే కుట్టిన విస్తరి అది. వేళ్ళు నొప్పెడుతున్నా చీపురు పుల్లలతో కుడుతుంది. ఆవిడ ఇంట్లో ఎప్పట్నుంచో ఒక పద్ధతి ఉంది. ఇంటివాళ్ళు కంచాల్లో తింటారు, తిన్న కంచం వాళ్ళే తోముకుంటారు. చుట్టాలకు విస్తరి. చుట్టం చేత కంచం తోమించకూడదు, మనం తోమితే చుట్టానికి మొహమాటం. విస్తరైతే మడిచి పారేస్తే ఇద్దరికీ గొడవ లేదని ఆవిడ లెక్క.

పిల్ల చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే అందుకున్నాను.

“ఏటప్పా ఇది? ఆ పిల్ల పని నేర్సుకోడానికొచ్చింది. పేరంటానికి కాదు.”

“సదువుకున్న పిల్లరా. గవర్నమెంటోలు పంపినారు. ఆడపిల్ల మనింటికొస్తే బురదలోకి దించుతామేటి? ఆలమ్మ సూత్తే ఏటనుకుంటాది?”

“ఆఫీసరొచ్చి సూసినప్పుడు ఏటి సూపిస్తావు? ఆ పిల్ల తిన్న సేపలా?”

“మరి కుర్సీ తెచ్చింది నువ్వే కదా?” అంది అప్ప.

బస్సు దాకా సాగనంపడానికి పిల్ల నా వెంట వచ్చింది. సగం దారిలో ఆగిపోయి, “సార్, నేను మా ఊరు వెళ్ళిపోతాను” అంది. ఏడుపు కాదు, కోపం. నాకు కోపం బాగా తెలుసు కాబట్టి గుర్తుపట్టాను.

“ఎందుకమ్మా?”

“మా ఊళ్ళో మా నాన్న పని చేసే నేలలో ఉప్పు తప్ప ఏమీ రాదు సార్. నా చేత్తో పచ్చటిది ఒకటి పండించాలనే ఈ చదువు చదివాను. వచ్చి నెలైంది. నోట్‌బుక్కు నిండిపోయింది, చేతికి మట్టి అంటలేదు. మావుసి మూలుగుతూ పని చేస్తుంటే నేను కుర్చీలో కూచోవాలి. పని అడిగితే పెరుగు వేస్తుంది. దానికంటే మా నాన్నతో ఉప్పు లాగడం నయం.”

“మా అప్పను మార్చడం నా వల్ల కాదమ్మా” అన్నాను. తర్వాత ఏదో ఒకటి అనాలి కనక, “నీకు విస్తరి వేస్తున్నంత కాలం నువ్వు ఆ ఇంట్లో చుట్టానివే. కంచంలో తినేవాళ్ళకే ఆవిడ పని చెబుతుంది” అని, కంచం, విస్తరి సంగతంతా చెప్పాను. బస్సు వచ్చింది. ఇంటికొచ్చి నేను చెప్పింది నేనే మర్చిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం అప్ప ఫోను. గొంతు ఒకలా ఉంది.

“తమ్మీ, ఇయ్యాల ఆ పిల్ల ఏటి సేసిందో తెల్సా? ఏసిన విస్తరి మడిసి పక్కన ఎట్టేసింది. గూట్లోంచి మీ బావ కంచం తీసుకుని నా పక్కన నేల మీద కూకుంది.”

బావ పోయాక ఆ కంచాన్ని ఎవరూ ముట్టలేదు. తోమి, బోర్లించి, అలాగే ఉంచింది. పిల్లకు ఆ సంగతి తెలీదు. నేను చెప్పలేదు.

“నువ్వేటన్నావు?” అని భయపడుతూ అడిగాను.

“ఏటంటాను? కాసేపు సూసినాను. కల్లంట నీల్లొచ్చినాయి. తర్వాత అన్నం ఒడ్డించినాను. తిన్నాక కంచం తోముకోమన్నాను. తోమింది గానీ అంచు కింద జిడ్డు ఒగ్గేసింది. మల్లీ తోమించినాను. రేపు దమ్ము మడికి గట్లు ఎయ్యాల. తెల్లారేసరికి దాన్ని లేపుతాను.”

నెల రోజులు ‘ఆ పిల్ల’గా ఉన్నది అప్ప నోట ‘అది’ అయింది. ఫోను పెట్టేసి మా ఆవిడకు చెప్పాను, పర్వాలేదు, శిక్షణ మొదలైందని.

ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో ఎవరూ కుర్చీ ఎక్కలేదు. కుర్చీ మీద కోళ్ళు పడుకునేవి. వారానికోసారి వెళ్ళి చూసేవాణ్ణి. పిల్ల పారతో గట్టు చెక్కేది, అప్ప పక్కన నిలబడి తిట్టేది. “అది గట్టేటి? ఎలక తొంగుంటే కూలిపోద్ది” అనేది. పిల్ల పళ్ళికిలించి మళ్ళీ చెక్కేది. అప్పకు మాటలతో నేర్పడం రాదు. పిల్ల చెయ్యి పట్టుకుని నీట్లో పెట్టేది, కాలు పట్టుకుని బురదలో పెట్టేది. చేత్తోనే నేర్పింది అంతా.

ఇద్దరితో నాలుగెకరాలు ఊడవడం ఎలాగన్నది నా బెంగ. ఆ లెక్క నాకంటే అప్పకే బాగా వచ్చు. ఆ ఊళ్ళో కూలీలు లేకపోయినా బదులు ఉంది. నువ్వు మా మడిలో ఒక రోజు ఊడిస్తే నేను మీ మడిలో ఒక రోజు ఊడుస్తాను. మోకాళ్ళు పోయాక అప్ప తిరిగి బదులు చెయ్యలేక, ఎవరినీ అడగడానికి మొహం చెల్లక ఊరుకుంది. ఇప్పుడు పిల్ల వెళ్ళి నలుగురి మళ్ళలో ఊడిచి వచ్చింది. ఆ నలుగురూ, సూరత్ వెళ్ళకుండా ఊళ్ళో ఉండిపోయిన ఆడవాళ్ళు, అప్ప మడిలోకి దిగారు. రెండున్నర ఎకరాలు పచ్చబడ్డాయి. ఎకరన్నర మిగిలింది. దాన్ని నీళ్ళలో దున్ని బురద చేసి, అంటే దమ్ము చేసి ఉంచారు. సరిగ్గా ఆ రోజు ఆఫీసరు వచ్చాడు.

నేనూ ఉన్నాను. శిక్షకుణ్ణి కదా, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. బట్టీ అతను కూడా మోటారు సైకిలు ఆపి గట్టు మీద నిలబడ్డాడు. మిగిలిన మడి ఊడవలేకపోతే ఆ ముక్కయినా తనకు దొరుకుతుందేమోనని అతని ఆశ. ఆఫీసరు కుర్రవాడే, నెమ్మదస్తుడు. మాటలు ఒడియాలో సాగాయి. కాగితం చూసుకుని నేరుగా నా దగ్గరకొచ్చాడు.

“మాస్టారూ, శిక్షకులు మీరే కదా? ఈ మడి దమ్ము చేసి ఉంది. ఊడుపు ఎప్పుడు?”

ముందు రోజు రాత్రి పుస్తకం చదువుకునే వెళ్ళాను. “రేపు. దమ్ము చేశాక ఒక రోజు ఆగి నాటాలి” అన్నాను, బోర్డు ముందు నిలబడ్డట్టు.

పిల్ల నా వంక చూసింది. అప్ప వంక చూసింది. అప్పుడు పిల్ల పరికిణీ ఎగదోపుకుని మడిలోకి దిగింది. ఒక అడుగు వేసి, కాలు తీసి, ఆ గుంటను చూస్తూ నిలబడింది. చుట్టూ ఉన్న బురద జారి వచ్చి గుంటను పూడ్చేసింది.

“రేపు కాదు సార్. అడుగు నిలవడం లేదు. ఇప్పుడు నాటితే నారు తేలిపోతుంది. కాలు తీసినా అడుగు అలాగే ఉండాలి. ఎల్లుండికి ఉంటుంది” అంది. అంటూ నన్ను చూసి, “సార్ చెప్పింది వేరే నేలకు కావచ్చు” అని కూడా అంది. ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది.

ఆఫీసరు బూట్లు విప్పాడు, ప్యాంటు మడిచాడు, తానూ దిగి అడుగు వేసి చూశాడు. “మా నాన్న కూడా ఇలాగే చూసేవాడు. నేను మర్చిపోయాను” అన్నాడు. “నీకెవరు నేర్పారు?”

“మావుసి.”

ఆయన కాగితం వంక, నా వంక చూశాడు. గుమస్తా రాయమన్నాడని చెప్పేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. రాసిన చెయ్యి నాదే.

“నేను లెక్కల మాస్టార్నండి. వరి సంగతి నాకు తెలీదు. పేరు నాది రాశాను, తప్పే. మా అప్ప చదివింది రెండో తరగతి. దాని వల్ల ఈ పిల్లకు నష్టం రానివ్వకండి” అన్నాను. నా జన్మలో అంత నెమ్మదిగా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆయన గట్టు మీద కూచుని, నా పేరు కొట్టేసి, పక్కన అప్ప పేరు రాశాడు. విద్యార్హత దగ్గర ‘నలభై ఏళ్ళుగా ఇదే మడి’ అని రాసి, అప్ప చేత సంతకం పెట్టించాడు. అప్ప తెలుగులో, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ పెట్టింది. మిగతా నాలుగు నెలలూ సాగుతుందని ఆయన చెప్పగానే పిల్ల మడిలోనే నిలబడి రెండు బురద చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

అప్ప బట్టీ అతని వైపు తిరిగింది. “బాబూ, ఈ ఏటికి మట్టి నేదు. వచ్చే ఏటికీ నేదు. మంచినీల్లు తాగి ఎల్లు.”

అతను నవ్వి, నీళ్ళు తాగి, చెప్పులేసుకుని వెళ్ళాడు.

భోజనాల వేళ అప్ప వసారాలో ఆఫీసరుకు విస్తరి వేసింది. పక్కనే నాకు విస్తరి వేసింది. తనూ పిల్లా కంచాలు తెచ్చుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో తిన్నాను గానీ, నా ముందున్న ఆకుల్ని ఆ రోజే చూశాను. ఆఫీసరు వెళ్ళేదాకా ఓర్చుకున్నాను.

“నాకు విస్తరేటప్పా? నాను నీ తమ్ముణ్ణి కానా?”

“తమ్ముడివే. కాదన్నానేటి?” అంది అప్ప, విస్తర్లు ఎత్తుతూ. “ఒస్తావు, తింటావు, ఎల్తావు. ఆ మడిలో ఏనాడైనా కాలెట్టినావేటి? ఎల్లుండి ఊడుపు. కంచం కావాలంటే రా.”

ఒళ్ళు మండింది. బస్సులో దారంతా మండుతూనే ఉంది. ఇంటికొచ్చాక మా ఆవిడతో ఆ మాట చెప్పి, న్యాయం చెప్పమన్నాను. ఆవిడ న్యాయం చెప్పలేదు. పాత లుంగీ ఒకటి తీసి సంచిలో పెట్టింది.

ఆ ఎల్లుండికి వెళ్ళాను. ఎకరన్నరకు మూడు రోజులు పట్టింది, సగం నా మూలానే. పిల్ల నా పక్క వరసలో ఊడుస్తూ, “సార్, రెండు మూడు మొక్కలు చాలు, గుప్పెడు కాదు,” “సార్, వెనక్కి నడవాలి, నాటినదాన్ని తొక్కుతున్నారు” అని నేర్పింది. అంత ఓపిగ్గా నేను ఏ పిల్లాడికీ లెక్క చెప్పలేదు. నడుము పట్టేసి గట్టు మీద చతికిలబడితే ఊడిచే ఆడవాళ్ళంతా నవ్వారు. మళ్ళీ లేచి దిగాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆఖరి వరస అయింది. కాళ్ళు కడుక్కుని వసారాలో కూచున్నాను. అప్ప గూట్లో అడుగు నుంచి ఒక స్టీలు కంచం తీసి నా ముందు పెట్టింది. అంచు మీద నా పేరు కొట్టించి ఉంది. దిగపహండి బజారులో గిన్నెల మీద పేర్లు కొట్టేవాడి అక్షరాలే. కంచం కొత్తది, ఎవరూ తిననిది. కానీ పేరు చుట్టూ దుమ్ము పట్టి నల్లబడింది.

“ఇదెప్పుడు కొన్నావు?”

“నువ్వు రిటైరైనప్పుడు,” అంది అప్ప, అన్నం వడ్డిస్తూ. “ఇంక ఒస్తావనుకున్నాను.”

రెండేళ్ళు. రెండేళ్ళు ఆ కంచం గూట్లో ఉంది. ఆవిడ ఒక్కనాడూ రమ్మని నోరు తెరిచి అడగలేదు, నాకు విస్తరి కుడుతూనే ఉంది. మూడుసార్లు అన్నం వేయించుకుని తిన్నాను.

తిన్నాక కంచం పట్టుకుని నూతి దగ్గరికెళ్ళి తోమాను. పిల్ల వచ్చి పక్కన నిలబడి, వంగి చూసి, “సార్, అంచు కింద జిడ్డు ఉండిపోయింది” అంది. మళ్ళీ తోమాను.